చెయ్యి తగిలిన మెరుపు

అబిడ్స్ అనే పేరు ఒక బీరువాలోంచి పుట్టిందంటే నమ్ముతారా? ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారి (1866–1911) బట్టల వ్యవహారం చూసే ఉద్యోగి పేరు ఆల్బర్ట్ ఆబిద్. ఆర్మేనియా జాతివాడు. నవాబుగారు ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవారు కాదనీ, అలా విడిచిన వాటిని ఆబిద్ గారు చల్లగా బయటికి చేర్చి, కొన్నాళ్లు పోయాక కొత్త సరుకని చెప్పి మళ్లీ నవాబుగారికే అమ్మేవాడనీ ఊళ్లో ఒక కథ. అందులో నిజమెంతో ఎవరు చూడొచ్చారు గానీ, ఆయన పెట్టిన దుకాణం పేరే ఆ చౌరస్తాకి నిలిచిపోయింది. జంటనగరాల ఆడవాళ్లం చీరలకనీ, చెప్పులకనీ, పిల్లల పుస్తకాలకనీ తరాల తరబడి తిరిగిన బజారుకి ఒక బట్టల గుమాస్తా పేరుండటం న్యాయంగానే ఉంది.

ఆ బట్టలు దాచిన బీరువాల వరస పురానీ హవేలీలో ఇప్పటికీ ఉంది. 2000లో అక్కడ నిజాం మ్యూజియం తెరిచాక మనబోటివాళ్లకి కూడా చూసే భాగ్యం కలిగింది. సుమారు 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, అంతా బర్మా టేకు. పై అంతస్తుకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు ఒకటి. ఆ హాల్లో నాతోపాటు నడుస్తున్న ఒకావిడ తన కూతురితో, "ఇంత పెద్ద బీరువాకి పాలిష్ పెట్టిస్తే ఎంతవుతుందే?" అంది. నవ్వొచ్చింది గానీ, మన ఇళ్లల్లో పాత చెక్క సామాను చూడగానే వచ్చే మొదటి ఆలోచన అదేగా! పాలిష్ పెట్టించాలి. కొత్తదానిలా చేయించాలి.

కొత్తదానిలా చెయ్యడంలో పోయేది ఒకటుంది. దాన్ని ఇంగ్లీషువాళ్లు పటీనా అంటారు. అది ఇటలీ మాట. 1681లో బాల్దినూచ్చీ అనే ఫ్లారెన్సు పండితుడు చిత్రకారుల మాటలకి నిఘంటువు రాస్తూ, కాలం గడిచేకొద్దీ బొమ్మ మీద తేలే ఒక ముదురు ఛాయ అని దాన్ని వివరించాడు. తర్వాత ఆ మాట కంచుకీ, కర్రకీ, రాతికీ కూడా పాకింది. మనకి దానికి సరైన తెలుగు మాట లేదేమో అని చాలాకాలం అనుకున్నాను. నిగ్గు అందామంటే అది కొత్త వస్తువుకీ ఉంటుంది. పాతకళ అందామంటే వెలిసిపోయినట్టు వినిపిస్తుంది. నాంపల్లిలో పాత కుర్చీలు బాగుచేసే ఒక ముసలి మిస్త్రీ ఈ చిక్కుని ఒక్క మాటతో తేల్చేశాడు. "దీనికి చెయ్యి పట్టిందమ్మా" అన్నాడు. పులుసుకి ఉప్పు పట్టినట్టు, చీరకి రంగు పట్టినట్టు, కర్రకి చెయ్యి పట్టడం. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఈ చెయ్యి పట్టడం ఎలా జరుగుతుందో చూడండి. కోసిన కొత్తలో టేకు పచ్చగా, చారలు చారలుగా ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ ఆ చారలు ఒకదాంట్లో ఒకటి కలిసి తేనెరంగుకి, అక్కణ్ణుంచి గోధుమరంగుకి దిగుతాయి. జిట్రేగి కర్ర దీనికి తలకిందులు. మొదట నల్లగా, ఊదాగా ఉన్నది ఎండపొడకి మెల్లిగా తేలుతుంది. ఆపైన మనుషులు. సొరుగు లాగే చోట వేళ్ల జిడ్డు, కుర్చీ చేతుల మీద మోచేతుల రాపిడి, తుడిచిన ప్రతిసారీ పూసిన మైనం, దీపాల పొగ, సందుల్లో చేరి గట్టిపడ్డ దుమ్ము. వీటన్నిటికీ నలభై ఏళ్లో నూరేళ్లో కావాలి. అంతా కలిపి చూస్తే దాని మందం మాత్రం ఒక అట్టముక్కంత కూడా ఉండదు. కరెంటుతో తిరిగే గరుకు కాగితం మిషనుకి అది రెండు నిమిషాల పని.

అసలు ఇంత పాత సామాను నాంపల్లి, అబిడ్స్ దుకాణాలకి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, దాని వెనక ఒక పెద్ద కూలడం ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. దేవిడీలలో బతికిన కుటుంబాలకి ఒక్కసారిగా రాబడి ఆగింది. నౌకర్లు పోయారు, గుర్రబ్బళ్లు పోయాయి, తర్వాత గోడలూ పోయాయి. వందమంది తిరిగే ఇంటి కోసం చేయించిన మంచాలూ, అద్దాల బీరువాలూ, బాతాఖానీ కొట్టే తఖ్తులూ మూడు గదుల అద్దె ఇంట్లో పడతాయా? హర్రాజు పాటల్లోకి, పాత సామాన్ల కొట్లలోకి వచ్చాయి. కొన్నవాళ్లలో కొత్తగా ఉద్యోగాలకి వచ్చి కాపరాలు పెట్టిన మన గుమాస్తాలూ, లెక్చరర్లూ, వకీళ్లూ ఉన్నారు. 1956 తర్వాత కోస్తా జిల్లాల నుంచి రాజధానికి తరలివచ్చిన ఎన్నో ఇళ్లల్లో మొదటి రాత బల్ల ఏ నవాబు ముంగిట్లోదో అయుంటుంది. ఒకరి ఇల్లు చితికితే ఒకరి ఇల్లు అమరింది. చరిత్ర పుస్తకాల్లో జాగీర్ల లెక్కలుంటాయి గానీ ఆ కుర్చీలు ఎటు వెళ్లాయో ఉండదు. అది కుర్చీల మీదే రాసి ఉంటుంది.

ఉదాహరణకి ఆ మిస్త్రీ కొట్లో చూసిన పడక కుర్చీ. పేము అల్లిక చిరిగి వేలాడుతోంది. చేతులు ముందుకి జరిగేవి, మధ్యాహ్నం కాళ్లు చాపుకోవడానికి. వెనక పట్టీ కింద, మామూలుగా చూస్తే కనపడని చోట, మూడు ఇంగ్లీషు అక్షరాలు గుద్ది ఉన్నాయి: ఎన్.ఎస్.ఆర్. నిజాం స్టేట్ రైల్వే. 1907లో కట్టిన నాంపల్లి స్టేషను ఆ కొట్టుకి నడిచిపోయేంత దూరం. 1930లో రైల్వేని నిజాం ప్రభుత్వం కొనేసుకున్నాక వచ్చిన పేరది. అంటే ఆ కుర్చీ ఏ వెయిటింగు రూములోనో, ఏ రైల్వే దొర వరండాలోనో కాళ్లు చాపిన కుర్చీ. మిస్త్రీ ఆ అక్షరాల మీద వేలితో రాసి, "ఇది చదువొచ్చిన కుర్చీ. రందా కొడితే దీనికి నోరు పోతది" అన్నాడు. రందా అంటే చిత్రిక. కృష్ణా జిల్లాలో చిత్రిక పట్టడమంటే మెచ్చుకోలు మాట. ఆయన నోట్లో అది తిట్టు.

నోరు పోయిన బీరువా ఒకటి నాకు తెలుసు. మా పెద్దక్క అత్తగారిది. టేకు బీరువా, నిలువుటద్దం, లోపల నాలుగు అరలు. ఆవిడ తలుపు లోపలి వైపున పెన్సిలుతో రాసుకునేది. పిల్లలు పుట్టిన తేదీలు, వాళ్ల ఎత్తుల గీతలు, చాకలి పద్దు, ఎవరికో ఇచ్చిన చేబదులు. బడికి పోని మనిషి. భర్త దగ్గర రాత్రిళ్లు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదట. పైన ఉన్న తేదీల్లో అక్షరాలు గుండ్రంగా, పట్టి పట్టి రాసినట్టుంటే, కిందికొచ్చేసరికి గొలుసుకట్టుగా ఉండేవి. ఆవిడ పోయాక అక్కయ్య కొడుకు పెళ్లికని ఇల్లంతా సున్నాలు వేయిస్తూ బీరువా కూడా ఒక దుకాణానికి ఇచ్చారు. వారం రోజులకి తళతళలాడుతూ వచ్చింది. బయటా లోపలా ఒకటే మెరుపు. దుకాణంవాడు పని శ్రద్ధగా చేశాడు, పాపం, లోపల కూడా ఎక్కడా వదల్లేదు. అక్కయ్య తలుపు తీసి చూసి, మాట్లాడకుండా మళ్లీ వేసేసింది. పెళ్లి హడావిడిలో ఎవరూ గమనించలేదు. తర్వాత ఎప్పుడో నాతో అంది: "మా అత్తగారి చేతిరాత ఇంకెక్కడా లేదే."

ఇలాంటి దుఃఖమే ఇంగ్లండులో ఒక ఉద్యమం అయింది. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో పాత చర్చిలని బాగుచెయ్యడమనే పేరుతో గోడల మీది పూతలన్నీ గీకి, మధ్యలో చేరిన కట్టడాలు కొట్టేసి, అన్నిటినీ ఒక్క మూసలోకి దింపేవారు. విలియం మారిస్ అనే కవిగారు (ఆయన గోడకాగితాల మీద వేసిన పూలూ లతలూ ఇప్పుడు మన కుషను గలీబుల మీద కూడా కనిపిస్తున్నాయి) అది భరించలేక 1877లో పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. దానికి వాళ్లే పెట్టుకున్న ముద్దుపేరు "యాంటీ స్క్రేప్". మన భాషలో గీకుడు వ్యతిరేక సంఘం! నాకైతే నాంపల్లిలో దానికో శాఖ తెరవాలనిపిస్తుంది.

అయితే ఒక్క మాట. పాతదాన్ని పాతగానే ఉంచడం మన సంప్రదాయం అని నేనంటే మీరు నవ్వుతారు. పూరీలో జగన్నాథస్వామి వేపకర్ర విగ్రహాన్నే నవకళేబరం పేరుతో మార్చేస్తాం కదా, మొన్న 2015లో, అంతకు ముందు 1996లో. దసరా వస్తే అటక మీంచి అన్నీ దించి కడిగి పసుపు కుంకుమలు పెడతాం. విరిగిన వస్తువు ఇంట్లో ఉండకూడదంటాం. మనది కొత్త చేసుకునే బుద్ధి. అది తప్పని నేననను. రోజూ పిల్లలు ఎక్కి తొక్కే మంచానికి, చెమ్మకి పైపూత మొత్తం లేచిపోయిన బల్లకి పాలిష్ పెట్టించుకోవలసిందే. నా తగవల్లా అన్నిటినీ ఒకే గాటన కట్టడంతోనే. అదే మనం, అరిగి గుంటపడ్డ అమ్మమ్మగారి రోలుని ఎవరైనా చదును చేస్తానంటే ఊరుకుంటామా? గడప నడిమిన పడ్డ వంపుని చూసి ముచ్చటపడమా?

పరువుని పైపూతలో కాక వస్తువులోనే చూసుకున్న కథ అబిడ్స్ పక్కనే ఒకటుంది. కింగ్ కోఠీ మొదట కమాల్ ఖాన్ అనే ఆయన కట్టించుకున్న భవనం. తలుపుల మీదా కిటికీల మీదా తన పేరులోని కె.కె. అనే పొడి అక్షరాలు చెక్కించుకున్నాడు. భవనం నిజాం వంశానికి వచ్చాక, మరొకరి పేరు తలుపుల మీద మోస్తూ ప్రభువులు బతకడమేమిటన్న ప్రశ్న వచ్చింది. అన్ని తలుపులూ గీకించే బదులు ఆ అక్షరాలకే కింగ్ కోఠీ అని అర్థం చెప్పి ఊరుకున్నారట. ఏడో నిజాం పిసినారితనం మీద వెయ్యి కథలున్నాయి. ఇది కూడా ఆ ఖాతాలో వేసేవాళ్లున్నారు. నేను మాత్రం తెలివి ఖాతాలో వేస్తాను.

ఇక ఈ పాలిష్ అన్నది ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. పాత సామాను మీద ఎక్కువగా ఉండేది లక్క. భారతంలో పాండవులకి కట్టించిన ఇంట్లో వాడింది, లాడ్ బజారులో గాజులుగా మన చేతులకి ఎక్కేది, ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకి ఒత్తి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే కరిగి బొమ్మకి రంగు పట్టేది, మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడేది, అన్నీ ఆ లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు కట్టుకునే గూడు అది. లక్షల పురుగులు కష్టపడితే గాని ఒక్క కిలో రాదు. లక్ష నుంచే లక్క అన్న మాట వచ్చిందంటారు. పల్చటి పెచ్చులుగా చేసిన ఆ లక్కని స్పిరిట్లో నానేసి, దూదిని మెత్తటి పాతగుడ్డలో చుట్టి, పొర మీద పొర పదుల కొద్దీ రుద్దితే వచ్చే మెరుపుకి ఫ్రెంచి పాలిష్ అని పేరు. యూరపులో అది పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ప్రబలింది. పురుగు మనది, పేరు వాళ్లది. మన తాతలు విన్న గ్రామఫోను ప్లేట్లు కూడా ఈ లక్కతో చేసినవే, అందుకే కింద పడితే పెళుక్కున పగిలేవి.

లక్కకి శత్రువులు ముగ్గురు. స్పిరిటు, ఎందుకంటే అందులోనే పుట్టింది కాబట్టి అందులోనే కరుగుతుంది. సోడా, బట్టల సబ్బుపొడి లాంటి క్షారాలు. మూడోది తడి. వేడి కాఫీ గ్లాసు పెట్టినచోట తెల్లటి చక్రం పడుతుందే, అది కర్రకి తగిలిన గాయం కాదు, లక్క పొరలో చిక్కుకున్న తేమ. చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. దానికోసం బల్లంతా గీకించడం, దోమ కుట్టిందని చెయ్యి తీయించుకోవడం లాంటిది.

ఈ మాట గట్టిగా చెప్పడానికి మన విశాఖపట్నం సామాను ఒకటి చాలు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పనివాళ్లు జిట్రేగి, నల్లచేవ కర్రలతో పెట్టెలూ బీరువాలూ కుర్చీలూ చేసి, వాటిలో ఏనుగు దంతం పొదిగి, ఆ దంతం మీద సూదిమొనతో లతలూ పూలూ గీసి, గీతల్లో నల్లలక్క నింపేవారు. కంపెనీ దొరలు ఎగబడి కొన్నారు. లండన్ మ్యూజియాల్లో ఇవాళ అద్దాల వెనక ఉన్నాయి. ఆ గీత లోతు వెంట్రుకంత. గరుకు కాగితం పెడితే బొమ్మ పోతుంది. సరే, గీకను, స్పిరిట్‌తో తుడుస్తానన్నారా, లక్క కరిగి నలుపు పోతుంది. మిగిలేది తెల్లటి ముక్కలు పొదిగిన చెక్కపెట్టె. రెండు శతాబ్దాల నాటి పనివాడి గీత ఒక మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోతుంది.

మరి శుభ్రం చెయ్యొద్దా అంటారేమో. చెయ్యాలి. మిస్త్రీ చేసేది పక్కన పీట వేసుకుని చూశాను కాబట్టి చెబుతున్నాను. మొదట పొడి కుంచెతో సందుల్లో దుమ్ము దులిపాడు. దుమ్ము ఉండగా తడిగుడ్డ పెడితే అదే గరుకు కాగితం అవుతుందట. తర్వాత ఎవరికీ కనపడని ఒక మూల చూసుకుని, దూదికి చుక్క కర్పూర తైలం తడిపి రుద్దాడు. గోధుమరంగు జిడ్డు వచ్చింది. మైనం, మురికి. మరో మూల చుక్క స్పిరిటు. అంటుకున్నట్టు జిగటైంది, లక్కే. దానికీ కదలకపోతే పైన ఉన్నది ఈ కాలపు పూత అన్నమాట, దానికి వేరే మందులు. కర్ర ఏం తొడుక్కుందో తెలిశాకే దాన్ని ముట్టుకున్నాడు. ఆపైన జానెడు మేర చొప్పున, దూదికి కర్పూర తైలం అంటీ అంటనట్టు అద్ది తుడవడం, వెంటనే పొడిగుడ్డతో ఒత్తడం. దూది నల్లగా వస్తున్నంతసేపు సంతోషమే. ఎర్రగా, తేనెరంగుగా రావడం మొదలైందా, ఆపెయ్యాలి. అప్పుడు వస్తున్నది మురికి కాదు, వయసు.

మురికికి ఇంకో మందుంది, చెబితే ముఖం చిట్లిస్తారు. ఉమ్మి. మ్యూజియాల్లో బొమ్మలు బాగుచేసేవాళ్లు ఏనాటి నుంచో దూదికి ఉమ్మి తడిపి తుడుస్తారు. అది నిజంగా పనిచేస్తుందని పోర్చుగల్ పరిశోధకులు 1990లో తేల్చారు, దానికి 2018లో నవ్వుల నోబెల్ అనబడే ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. పెళ్లివారింటి గుమ్మంలో కొంగు చివర తడి చేసి పిల్లాడి మూతి తుడిచిన మన అమ్మలకి ఏ బహుమతీ ఇవ్వలేదు.

చెయ్యకూడనివి కూడా ఆయన చెప్పాడు, కోపంగానే చెప్పాడు. ఇత్తడి పిడులకి చింతపండు పెట్టి తోమితే ఆ పులుపు చుట్టూ కర్రలోకి దిగి మచ్చ పడుతుంది. పిడి ఊడదీసి తోముకోండి, లేదా వెనకాల అట్టముక్క పెట్టండి. అవిసెనూనె పూస్తే ఆ రోజుకి కొత్త పెళ్లికూతురులా ఉంటుంది గానీ, అది పూర్తిగా ఆరక జిడ్డై, దుమ్ముని పట్టి, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది. కీళ్లు కదిలితే మేకులు కొట్టడం పాపం. పాతవాళ్లు సరేసుతో అతికించింది ఎందుకంటే, గోరువెచ్చటి నీళ్లతో మళ్లీ విప్పుకోవడానికి. మేకు కొడితే కర్ర చీలుతుంది, తుప్పు పట్టి చుట్టూ నల్లబడుతుంది. పొడి రాలుతుంటే, ఆ బెజ్జాల కింద నల్లకాగితం పరిచి వారం చూడమన్నాడు. కొత్త పొడి పడితేనే పురుగు బతికున్నట్టు. చాలా బెజ్జాలు ఖాళీ ఇళ్లు.

ఇంత చేసిన తర్వాత తేనెమైనాన్ని కర్పూర తైలంలో కరిగించి, గోరంత తీసుకుని పల్చగా రాసి, కాసేపాగి పాత నేతచీర ముక్కతో రుద్దాడు. మెరుపు వచ్చింది. అద్దంలా కాదు. పాత పట్టుచీర మడత విప్పితే లోపలనుంచి వస్తుంది చూడండి, అలా. ఏడాదికి ఒకసారి చాలన్నాడు.

ఎన్.ఎస్.ఆర్. కుర్చీ మా ఇంటికొచ్చింది. మావారు ముందు దాన్ని చూసి, "ఇది బాగుచేయించి తెచ్చావా, బాగుచేయించాలా?" అని అడిగారు. పేము అల్లిక మాత్రం కొత్తది వేయించాం, పాతది కూర్చునే స్థితిలో లేదు. కుడిచేతి మీద అరచేతి మేర పైపూత పూర్తిగా పోయి కర్ర బయటపడింది. అక్కడ మటుకు రెండు పొరల లక్క రుద్దాలి. మిస్త్రీ ఇంకా రాలేదు. వానాకాలంలో లక్క పెడితే గాలిలో చెమ్మ పట్టి పాలవిరుగుడులా తెల్లబడుతుందట, దసరా దాటి గాలి పొడిబారాక వస్తానన్నాడు. అందాకా అక్కడ చెయ్యి పెట్టకుండా కూర్చోవడం మావారు నేర్చుకుంటున్నారు.